హోమ్‌స్కూలింగ్ పిల్లలతో బెంగళూరు మారేముందు: ఇల్లు, కాగితాలు, కాస్త కన్నడం

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ. నిజాంపేటలో ఉంటున్నారు. మీవారికి బెంగళూరు వైట్‌ఫీల్డ్‌లో ఉద్యోగం వచ్చింది. పాపకి పన్నెండు, బాబుకి ఎనిమిది. పాప రెండో తరగతి దాకా బడికి వెళ్లింది, నాలుగేళ్లుగా ఇద్దరినీ ఇంట్లోనే చదివిస్తున్నారు. రాష్ట్రం మారితే చట్టంతో ఇబ్బంది వస్తుందా, ఇల్లు ఎక్కడ చూసుకోవాలి, చదువు ఎన్నాళ్లు ఆగిపోతుంది, స్నేహితుల్ని వదిలి రానని పాప ఏడుస్తుంటే ఏం చెయ్యాలి అని అడిగారు.

మేము 2017లో కూకట్‌పల్లి నుంచి ఇలాగే వచ్చాం. అప్పుడు మా బాబుకి పదేళ్లు, పాపకి ఆరు. ఇప్పుడు బాబు ఇక్కడే డిగ్రీ రెండో సంవత్సరం, పాప ఓపెన్ స్కూల్లో, అంటే రోజూ బడికి వెళ్లకుండా పరీక్షలు రాసే పద్ధతిలో, పదో తరగతికి తయారవుతోంది. వచ్చిన కొత్తలో చాలా తప్పులే చేశాం కానీ వాటిలో పెద్దవి రెండు. ఒకటి ఇంటి విషయంలో, రెండోది కాగితాల విషయంలో. ఇంటి గురించి మీరు అడిగారు, కాగితాల సంగతి అడగలేదు. మీ పాప వయసుకి అదే ఎక్కువ అవసరం, అందుకే అడగకపోయినా చెబుతాను.

ముందు చట్టం సంగతి తేల్చేద్దాం, ఎక్కువ లేదు. 2009 విద్యాహక్కు చట్టం కేంద్రానిది, 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. నిజాంపేటలో మీకు ఎంత వర్తిస్తుందో బెంగళూరులోనూ అంతే. ఆరు నుంచి పద్నాలుగేళ్ల లోపు పిల్లల్ని బడిలో చేర్చడం తల్లిదండ్రుల బాధ్యత అని పదో సెక్షన్ చెబుతుంది. చేర్చకపోతే తల్లిదండ్రులకు ఫలానా శిక్ష అని మాత్రం రాయలేదు. ఇంటి చదువు అనే మాటే అందులో లేదు. అంటే అనుమతి ఇచ్చిందీ లేదు, వద్దన్నదీ లేదు. ఇన్నేళ్లలో మమ్మల్ని ఏ ఆఫీసూ పిలవలేదు. ఒకసారి మాత్రం బడి బయటి పిల్లల సర్వే అంటూ ఒకావిడ తలుపు కొట్టింది. పిల్లల నోటు పుస్తకాలు చూపించి, పద్నాలుగు నిండాక ఓపెన్ స్కూల్లో కట్టిస్తామని చెప్పాను. రాసుకుని, మంచినీళ్లు తాగి వెళ్లిపోయింది. ఒక ఫైలు పెట్టుకోండి చాలు. ఏ ఏడు ఏం చదివారో నాలుగు కాగితాలు, వాళ్ల రాతలు కొన్ని, పుట్టిన తేదీ సర్టిఫికెట్, ఆధార్. పాప పాత బడి నుంచి టీసీ తీసుకోకుండా వదిలేసి ఉంటే హైదరాబాద్ విడిచేలోపే తీసుకోండి. పక్క రాష్ట్రంలో వాడాలంటే విద్యాశాఖ అధికారి కౌంటర్ సంతకం అడుగుతారు. ఇక్కడి నుంచి దాని కోసం తిరగడం కంటే అక్కడ ఉండగా ఒక పూట పోగొట్టుకోవడం మేలు.

ఇక ఇల్లు.

మా ఆయన ఆఫీసు మారతహళ్ళి దగ్గర. ఆఫీసుకి దగ్గరగా ఉంటే రోజుకి రెండు గంటలు మిగులుతాయి కదా అని కడుబీసనహళ్ళిలో పెద్ద అపార్ట్‌మెంట్ తీసుకున్నాం. స్విమ్మింగ్ పూల్, ఆట స్థలం, చుట్టూ తెలుగువాళ్లు. ఇంకేం కావాలి అనుకున్నాం. రెండో రోజు పొద్దున్న ఏడింటికల్లా పసుపు బస్సులు వరసగా వచ్చి పిల్లలందర్నీ ఎక్కించుకుపోయాయి. ఆ తర్వాత సాయంత్రం దాకా ఆ ఆవరణలో మా పిల్లలిద్దరూ, వాచ్‌మన్, పిల్లులు. బస్సులు తిరిగొచ్చేది నాలుగున్నరకి. దిగిన పిల్లలు ట్యూషన్లకీ, డ్యాన్సు క్లాసులకీ పోయేవారు. ఆటకి దొరికేది ఆరు నుంచి ఏడు. వాచ్‌మన్ రోజూ మా బాబుని “స్కూల్ ఇల్వా ఇవత్తు?” అని అడిగేవాడు. ఇవాళ బడి లేదా అని. నెల తిరిగేసరికి మావాడు కిందికి దిగడం మానేశాడు.

హైదరాబాద్‌లో ఇలా ఎందుకు లేదంటే, అక్కడ పగటిపూట వెళ్లడానికి మాకు మనుషులున్నారు. అత్తగారిల్లు, మా పిన్ని వాళ్ల మేడ, ఇంటిచదువులవాళ్లే ఇంకో రెండు కుటుంబాలు. మేము సామాను సర్దుకున్నాం కానీ ఆ మనుషుల్ని సర్దుకు రాలేదు. బడికి వెళ్లే పిల్లలకైతే ఊరు మారిన వారంలోనే ముప్ఫైమంది పరిచయస్తులూ, తల్లికి వాట్సాప్ గ్రూపూ వచ్చేస్తాయి. మనకి అదంతా చేత్తో కట్టుకోవలసిందే. అందుకే ఇల్లు చూసేటప్పుడు మీవారి ఆఫీసు ఎంత దూరం అన్నది రెండో ప్రశ్న. మంగళవారం పొద్దున్న పదకొండింటికి పిల్లల్ని తీసుకుని, కారు లేకుండా, మీరు ఎక్కడికి వెళ్లగలరు అన్నది మొదటి ప్రశ్న.

పదకొండు నెలల అగ్రిమెంటు అయిపోగానే సి.వి. రామన్ నగర్‌కి మారాం. ఇల్లు పాతది, లిఫ్టు లేదు. కానీ డీఆర్‌డీఓ టౌన్‌షిప్ చెట్లు, నడిచి వెళ్లగలిగే పార్కు, ఆటోలో బయ్యప్పనహళ్ళి మెట్రో. అక్కడ ఎక్కితే కబ్బన్ పార్కు స్టేషన్ ఇరవై నిమిషాలు కూడా పట్టదు. మా ఆయనకి కగ్గదాసపుర రైల్వే గేటు దగ్గర రోజూ ఓ పావుగంట కాళ్లు నొప్పులు. ఆయన తిట్టుకున్నాడు, నేను ఊపిరి పీల్చుకున్నాను.

మీకు ఇప్పుడు మాకంటే వెసులుబాటు ఎక్కువ. 2023 అక్టోబరు నుంచి వైట్‌ఫీల్డ్ కాడుగోడి నుంచి చల్లఘట్ట దాకా పర్పుల్ లైను పూర్తిగా నడుస్తోంది. కాబట్టి మీవారి ఆఫీసు వైట్‌ఫీల్డ్‌లోనే ఉన్నా ఇల్లు వైట్‌ఫీల్డ్‌లోనే ఉండాలని లేదు. ఆఫీసు మెట్రోకి దగ్గరైతే ఆ లైను మీద సి.వి. రామన్ నగర్, ఇందిరానగర్ వెనక వీధులు, ఆ పక్కన విజయనగర్ దాకా ఎక్కడైనా చూడండి. మీవారు రైలెక్కుతారు, మీకు ఊరు మధ్య దగ్గరవుతుంది. విశ్వేశ్వరయ్య మ్యూజియం, దాన్ని ఆనుకుని ఉన్న కబ్బన్ పార్కు, పార్కులో ఎర్ర భవనంలోని లైబ్రరీ, కాస్త దూరంలో నెహ్రూ ప్లానెటేరియం, మెజెస్టిక్‌లో గ్రీన్ లైనుకి మారితే లాల్‌బాగ్, ఇవన్నీ పగటిపూట ఖాళీగా ఉంటాయి. మా పిల్లల భూగోళం పాఠం లాల్‌బాగ్ గుట్ట మీదే మొదలైంది. ఆ బండ వయసు మూడు వందల కోట్ల ఏళ్లని అక్కడి ఫలకం మీద చదివి మా పాప దాన్ని “తాతగారూ” అని పిలవడం మొదలుపెట్టింది. ఇప్పటికీ అటు వెళ్తే తాతగారి దగ్గరికి వెళ్లామనే అంటాం. హోమ్‌స్కూలింగ్ కుటుంబాలు కూడా ఎక్కువగా ఈ పార్కుల్లోనే పనిదినాల్లో కలుస్తుంటాయి. ఒక్కరు పరిచయమైతే వాళ్ల ద్వారా పదిమంది తెలుస్తారు. వచ్చాక వెతుక్కుందాం అనుకోకండి, నిజాంపేటలో ఉండగానే ఒకరిద్దరితో ఫోన్లో మాట్లాడండి.

అడ్వాన్స్ సంగతి వినే ఉంటారు. హైదరాబాద్‌లో రెండు నెలలకు అలవాటుపడ్డవాళ్లకి ఇక్కడ గుండె ఆగుతుంది. మా అప్పుడు పది నెలల అద్దె అడిగారు. ఇప్పుడు ఐదారు నెలలకు ఒప్పుకునే ఓనర్లు ఉన్నారు, బేరమాడండి. ఖాళీ చేసేటప్పుడు పెయింటింగ్ పేరుతో ఒక నెల అద్దె పట్టుకుంటారు, అది అగ్రిమెంటులో ముందే ఉంటుంది, చదవండి. నీళ్లు కావేరీవా, బోరా, ట్యాంకరా అని ఓనర్ని కాదు, కింద ఇస్త్రీ చేసే ఆయన్ని అడగండి. 2024 ఎండాకాలంలో ఊరంతా ట్యాంకర్ల వెంట పడింది. 2022 సెప్టెంబరులో బెళ్ళందూరు, సర్జాపూర్ రోడ్డు వైపు కాలనీలు మునిగితే ట్రాక్టర్ల మీద జనం ఆఫీసులకి పోయారు. పగలంతా ఇంట్లో ఉండేది మనం కాబట్టి ఈ రెండూ బడికెళ్లే కుటుంబాల కంటే మనకే ఎక్కువ తగులుతాయి.

ఒక మంచి సంగతి కూడా ఉంది. మనకి జూన్ లేదు. అడ్మిషన్ల కోసం ఊరంతా మే నెలలో ఇళ్లు మారుతుంది, ప్యాకర్స్ రేట్లు, అద్దెలు అప్పుడే చుక్కల్లో ఉంటాయి. మీరు ఏ నవంబరులోనో, జనవరిలోనో రావచ్చు. మీవారిని ముందు పంపించండి. రెండు మూడు నెలలు మారతహళ్ళిలోనో వైట్‌ఫీల్డ్‌లోనో పీజీలో ఉంటారు, ఆంధ్రా భోజనానికి కొదవ ఉండదు. ఉద్యోగం నిలబడేదో కాదో, బాసు ఎలాంటివాడో తెలుస్తుంది, ఆదివారాలు ఇళ్లు చూస్తారు. ఆఫర్ మాట్లాడేటప్పుడు హెచ్‌ఆర్ వాళ్లు పిల్లల స్కూల్ అడ్మిషన్‌కి సాయం చేస్తామంటే, మాకది వద్దు, దానికి బదులు కంపెనీ గెస్ట్ హౌస్‌లో నెల రోజులు ఇప్పించండి అని అడగమనండి. మా ఆయన మొహమాటపడి అడగలేదు. పిల్లల చదువు అలవెన్సుకి బడి రసీదులు కావాలంటారు, మన దగ్గర ఉండవు. పాత పద్ధతిలో పన్ను కట్టేవాళ్లు పన్ను మినహాయింపు కింద చూపించే ట్యూషన్ ఫీజు కూడా బడికో కాలేజీకో కట్టినదే. మన పుస్తకాలు, క్లాసులు, మ్యూజియం టికెట్లు ఏవీ అందులోకి రావు. ఒక్క జీతం మీద లెక్కేసుకునేటప్పుడు ఇది గుర్తుంచుకోండి. కారు తెస్తే పన్నెండు నెలలు దాటాక ఇక్కడి రిజిస్ట్రేషన్, రోడ్డు టాక్సు తప్పదు. మేము అమ్మేసి వచ్చాం.

ఇప్పుడు కాగితాలు. కొంచెం ఓపిగ్గా చదవండి.

మీ పాపకి పన్నెండు. ఎన్‌ఐఓఎస్‌లో, అంటే జాతీయ ఓపెన్ స్కూల్లో, పదో తరగతికి కట్టాలంటే పద్నాలుగు నిండాలి. అంటే మీకు రెండేళ్లుంది. తెలంగాణకీ, ఆంధ్రాకీ సొంత ఓపెన్ స్కూళ్లున్నాయి, కానీ రాష్ట్రాలు మారే ఉద్యోగం ఉన్నవాళ్లు జాతీయ బోర్డుకి పోవడమే నయం. పరీక్షలు ఏడాదికి రెండుసార్లు, ఏప్రిల్-మే నెలల్లో ఒకసారి, అక్టోబరు-నవంబరులో ఒకసారి. ఒకసారి నమోదైతే ఐదేళ్లు చెల్లుతుంది, తొమ్మిది అవకాశాలుంటాయి. కనీసం ఐదు సబ్జెక్టులు, అందులో భాషలు రెండు దాకా. తెలుగు ఒక భాషగా తీసుకోవచ్చు. మా పాప ఇంగ్లీషు, తెలుగు తీసుకుంది.

మేము ఎక్కడ బోర్లా పడ్డామంటే, బాబుకి పదో తరగతి కట్టేటప్పుడు వాడి ఆధార్‌లో ఇంకా కూకట్‌పల్లి అడ్రసే ఉంది. మార్చడానికి బద్ధకించి హైదరాబాద్ అడ్రసుతో, అక్కడి స్టడీ సెంటర్‌తో కట్టేశాం. నానమ్మగారిల్లు ఉందిగా అనుకున్నాం. ప్రాక్టికల్స్‌కి ఒకసారి, రాత పరీక్షలకి మరోసారి. రాత పరీక్షలు నెలంతా సాగాయి, పేపరుకీ పేపరుకీ మధ్య రోజులు రోజులు ఖాళీ. నేను వాడితో అక్కడ, చిన్నది నాన్నతో ఇక్కడ, రోజూ స్విగ్గీ. స్టడీ సెంటర్ మార్చుకోవచ్చని ఆ తర్వాత తెలిసింది. ఊరు మారగానే ముందు పిల్లల ఆధార్ అడ్రసు మార్చండి. పదిహేనేళ్లకి పిల్లలకి బయోమెట్రిక్ అప్‌డేట్ ఎలాగూ చేయించాలి.

ఇంతకంటే పెద్దది స్టడీ సెంటర్ ఏ రాష్ట్రంలో ఉంది అన్నది. ఇది నాకు బాబు జేఈఈ మెయిన్ ఫారం నింపుతుంటే తెలిసింది. ఎన్‌ఐటీల్లో సగం సీట్లు సొంత రాష్ట్రం పిల్లలకి. సొంత రాష్ట్రం అంటే పుట్టినదీ, అమ్మానాన్నలదీ కాదు, పన్నెండో తరగతి పాసైన రాష్ట్రం. ఎన్‌ఐఓఎస్ పిల్లలకైతే స్టడీ సెంటర్ ఉన్న రాష్ట్రం. అంటే పన్నెండో తరగతికి హైదరాబాద్ సెంటర్ పెట్టుకుంటే మీ పాపకి సొంత కోటా వరంగల్‌లో, బెంగళూరు సెంటర్ పెట్టుకుంటే సూరత్కల్‌లో. చిన్న ఫారంలో ఒక గడి, అంతే. అది నింపేటప్పుడు నాకు ఎవరూ చెప్పలేదు. మావాడు పరీక్ష రాశాడు, అంత ర్యాంకు రాలేదు, చివరికి తనకిష్టమైన ఎకనామిక్స్‌లో చేరాడు, కాబట్టి మాకు నష్టం లేదు. మీ పాప లెక్కల పిచ్చిది అని రాశారు కాబట్టి చెబుతున్నాను.

రాష్ట్రాల సీట్ల సంగతి ఇంకా కఠినం. తెలంగాణలో స్థానికత కావాలంటే అర్హత పరీక్షకి ముందు వరసగా నాలుగేళ్లు అక్కడ చదివో, ఉండో తీరాలి. పాప పదమూడేళ్లకి ఇక్కడికి వచ్చేస్తే ఆ వరస తెగిపోతుంది. పోనీ కర్ణాటక సీట్లా అంటే, ఇక్కడి సీఈటీకి, అంటే రాష్ట్ర ప్రవేశ పరీక్షకి, ఎక్కువమంది అర్హత పొందే దారి ఒకటే. కనీసం ఏడేళ్లు కర్ణాటకలో గుర్తింపు ఉన్న బడుల్లో చదివి, పదో తరగతి గానీ పన్నెండు గానీ ఇక్కడే పాసవ్వాలి. ఇంట్లో చదివిన ఏడేళ్లకి సర్టిఫికెట్ ఎవరిస్తారు? అంటే అక్కడా కాని, ఇక్కడా కాని పిల్ల అవుతుంది. భయపెట్టడానికి చెప్పడం లేదు. ఇక్కడి ప్రైవేటు ఇంజనీరింగ్ కాలేజీలు పెట్టే కామెడ్‌కె పరీక్ష దేశమంతటి వాళ్లూ రాయవచ్చు, జేఈఈ ఉంది, ప్రైవేటు యూనివర్సిటీలున్నాయి, ఇంజనీరింగ్ కాని చదువులకి ఈ గొడవ చాలా తక్కువ. కానీ ప్రభుత్వ ఫీజుతో రాష్ట్ర కోటా సీటు అన్నది మీ లెక్కలో ఉంటే, ఆ మాట ఇప్పుడే ఇంట్లో అనుకోవాలి. మీవారి జీతం ఎంత పెరుగుతోందో అందులోంచి దీన్ని తీసేసి చూడాలి. కొన్ని కుటుంబాలు ఇంటిచదువులో ఉన్న పెద్దపిల్లల్ని తొమ్మిదిలోనో, ఇంటర్‌కో బడిలో చేర్చేస్తాయి, అదేం ఓటమి కాదు. ఈ నిబంధనలు ప్రభుత్వాలు మారుస్తుంటాయి, కాబట్టి మీ పాప రాసే ఏడాది బులెటిన్‌ని మీరే చదవండి, కన్సల్టెంటు మాట మీద పోకండి.

బాబుకి ఎనిమిదే. వాడి గురించి నేనేం చెప్పను. వాడికి సైకిలు కొనండి.

చదువు ఎన్నాళ్లు ఆగుతుంది అన్నారు. మా ఇంట్లో పాఠ్యపుస్తకం చదువు మూడు నెలలు ఆగింది. నేను మొదటి నెల టెన్షన్ పడి టైంటేబుల్ గోడకి అంటించి, నాలుగో రోజు చించేశాను. పుస్తకాల పద్నాలుగు డబ్బాలు విప్పడానికే ఓపిక లేదు. ఆ మూడు నెలల్లో బాబు చేసిన పని బాల్కనీలో కూర్చుని రింగు రోడ్డు మీద పోయే బస్సుల నంబర్లు రాసుకోవడం. 500డి ఎన్నిసార్లు పోయింది, 335ఇ ఎక్కడ మలుపు తిరుగుతుంది. దిగులుతో చేస్తున్నాడని నాకు తెలుసు, ఆపలేదు. తర్వాత వాళ్ల నాన్న ఆదివారాలు వాణ్ని ఆ బస్సులెక్కించడం మొదలుపెట్టాడు. బస్సు బోర్డు మీద కన్నడం చదవడం వాడికి అలాగే వచ్చింది.

కన్నడం గురించి దిగులు పెట్టుకోకండి. తెలుగు అక్షరాలు బాగా వచ్చిన పిల్లలకి ఆ లిపి రెండు మూడు వారాల పని. రెండూ ఒక తల్లి బిడ్డలే, తలకట్టు వేరు, క, త లాంటి కొన్ని అక్షరాలు వేరు. మాటలకి మేము ఒక ఆట పెట్టుకున్నాం. మన “ప” చాలాచోట్ల వాళ్ల దగ్గర “హ” అయింది. పాలు హాలు, పులి హులి, పాము హావు, పువ్వు హూవు, పండు హణ్ణు. పిల్లలు కూరల బండి దగ్గర దీన్ని పరీక్షిస్తూ పోయారు. ఒకసారి మా పాప పప్పుని “హప్పు” అని అడిగితే బండి ఆయన నవ్వాపుకోలేకపోయాడు, ఆ రోజు కొత్తిమీర ఊరికే ఇచ్చాడు. ఆర్నెల్లకి వాచ్‌మన్ ప్రశ్నకి మా పాపే జవాబు చెప్పేది, “మనేలే ఓదోదు అంకుల్” అని. ఇంట్లోనే చదువుతాం అని.

జారిపోయేది తెలుగు. మాట పోదు, చదవడం పోతుంది. ఇంట్లో మాట్లాడతాం కదా అని మేము ధీమాగా ఉన్నాం, రెండేళ్లకి పాప తెలుగు పేజీని కూడబలుక్కుని చదువుతోంది. అప్పటి నుంచి రాత్రి భోజనం అయ్యాక పది నిమిషాలు ఎవరో ఒకరు పైకి చదవాలి, మా ఆయనతో సహా. పది మందికి తెలిసిన కిటుకే, కానీ మొదటి వారం నుంచే పెట్టుకోండి.

మీ పాప ఏడుపు గురించి. దానికి నా దగ్గర మందు లేదండి. బెంగళూరు ఎంత బాగుంటుందో చెప్పి ఒప్పించాలని చూడకండి, మేము అదే చేశాం, బాబు వినీ వినీ చివరికి “అంత బాగుంటే మీరే వెళ్లండి” అన్నాడు. పన్నెండేళ్ల పిల్లకి ఇద్దరు స్నేహితులు పోతే సగం ప్రపంచం పోయినట్టే. నెలకో రెండు నెలలకో ఒకసారి హైదరాబాద్ వెళ్లేలా ఖర్చు ముందే పక్కన పెట్టండి. కాచిగూడ నుంచి యశ్వంతపూర్‌కి వందేభారత్ ఉంది, రాత్రి రైళ్లున్నాయి. ఆ స్నేహితుల్లో ఒకర్ని ఎండాకాలం సెలవుల్లో ఇక్కడికి పిలిపించండి. ఊరు చూపించే పని మీ పాపకి అప్పగించండి. మావాడి స్నేహితుడు మొదటి వేసవిలో వచ్చి పది రోజులున్నాడు. వాణ్ని 335ఇలో మెజెస్టిక్ తీసుకెళ్లి తిప్పుకొచ్చిన రోజు రాత్రి మావాడు మొదటిసారి “మన ఇల్లు” అని ఈ ఇంటిని అన్నాడు.

ఇల్లు ఖాయం చేసేముందు పాపని ఒక్కసారి వెంట తీసుకురండి. మంగళవారమో, బుధవారమో రండి, శని ఆదివారాల్లో వద్దు. చూసిన ప్రతి ఇంటి దగ్గరా పదకొండింటికి గేటు బయట ఓ అరగంట నిలబడండి, ఎవరు కనిపిస్తున్నారో చూడండి. ఆ పూట కబ్బన్ పార్కు వైపు వచ్చేట్టయితే ఒక మాట రాయండి, మా పాపని తీసుకుని వస్తాను.